కాలువొడ్డు సావుకారి చిట్టా

కంపెనీ బస్సులు వచ్చే వేళకు రాజేశం ఇస్నాపూర్‌లోని తన కిరాణం తెరిచేవాడు. గడపకు పసుపు రాసి, అగరుబత్తి వెలిగించి, పాలప్యాకెట్ల డబ్బా బయట పెట్టి, ఆ తర్వాత కాలువ చదివేవాడు. పాల కోసం వచ్చినవాళ్లు పాలు తీసుకుని వెళ్లేవాళ్లు. నీళ్ల కోసం వచ్చినవాళ్లు దుకాణం వెనక బిందెలు వరసగా పెట్టి, ముచ్చట్లు చెప్పుకుంటూ కూర్చునేవాళ్లు.

కాలువంటే ఇప్పుడున్నది కాదు. ఇప్పుడున్నదాన్ని కాలువ అంటే ఆ మాటకే అవమానం. కిరాయి గదుల పక్క నుంచి నల్లగా, మీద నురగతో, ముక్కు మూసుకున్నా గొంతులోకి దిగే కంపుతో పోతుంది. ఒక్కోనాడు ఎర్రగానూ పోతుంది, అది ఫ్యాక్టరీల దయ. రాజేశం చదివేది బుచ్చిలింగం సావుకారి కాలువ.

బుచ్చిలింగం రాజేశం తాతకు తాత. నిజాం కాలంలో, ఇక్కడ ఫ్యాక్టరీ మాట అటుంచి సరైన బాట కూడా లేని రోజుల్లో, ఈ ఒడ్డునే దుకాణం పెట్టి ఉప్పు, బెల్లం, జొన్నలు, ఆముదం అమ్మాడు. జోగిపేట నుంచి సరుకు బండ్లు కాలువ దాటి ఆయన గుమ్మం ముందు ఆగేవి. లోతు ఎక్కువైతే బండి దాటదు, బండి దాటకపోతే దుకాణం లేదు. అందుకని ఆయన ఏ రోజు చిట్టా రాసినా ముందు దేవుడి పేరు, దాని కింద పెద్ద పెద్ద అక్షరాలతో కాలువ సంగతి రాసేవాడు. 'కాలువ మోకాటి లోతు.' 'కాలువ నడుము లోతు, జోగిపేట బండి రాలేదు.' ఆ కింద వచ్చిన సరుకు, పోయిన సరుకు, అంతా గొలుసుకట్టు రాత. ఆ రాత చదవాలంటే వేలు పెట్టుకుని, చీమ నడిచినట్టు నడవాల్సిందే.

ఆ పేజీని పైకి చదివితే ఆ రోజు కాలువ వచ్చేది. మోకాటి లోతని ఉంటే మోకాటి లోతే వచ్చేది, వేలెడు ఎక్కువ కాదు. నల్లనీళ్లు తప్పుకుని, అడుగున ఇసుక కనబడేంత తేటగా పారేది. ఆ నాటి లెక్కలో బెల్లం దిగుమతి ఉంటే రాజేశం దుకాణమంతా బెల్లం వాసన కొట్టేది. ఆఖరి అక్షరం పలకగానే నీళ్లు వెళ్లిపోయేవి, అక్షరాలు కూడా కాగితాన్ని వదిలిపోయేవి. కాలువ నల్లబడ్డ నాటి నుంచి మొదట రాజేశం తండ్రి చదివాడు, ఇప్పుడు రాజేశం చదువుతున్నాడు. ఇందులో వింత ఏముందో ఎవరికీ తోచలేదు. పేచీ అంతా లోతు దగ్గరే.

"ఏంది సేటూ, నిన్న గూడ మడిమె లోతే, ఇయ్యాల గూడ మడిమె లోతేనా? జెర వానకాలం పేజీ తియ్యరాదు?" అనేది జైతూన్ బీ, గదుల వరసలో మొదటి గది ఆమెది. "నీ తాత నీళ్లు గూడ తూకమేసి రాసిండా ఏంది?"

"వానకాలంవి మా నాయిన ముందుగాల్నే చదివిండు జైతూనక్కా. నేనేం జేయాలె? ఉన్నదాంట్లనే సర్దుకోవాలె."

"నీ నాయిన మంచోడు. దిల్ పెద్దది."

"అవును, ఆయనది పెద్ద దిల్లు, నాకు చిన్న పేజీలు."

చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకున్నట్టు రాజేశం బతుకంతా ఆ తాత పేరు మీదే నడిచింది. అయినా నీళ్లను ఎన్నడూ అమ్ముకోలేదు, ఆ మాట ఒప్పుకోవాలి. నీళ్లు పట్టుకోవడానికి వచ్చినవాళ్లు ఒక సబ్బో, ఒక అగ్గిపెట్టో కొనుక్కుని పోతే చాలనుకునేవాడు. ఒక్క నియమం మాత్రం ప్రాణం పోయినా తప్పేవాడు కాదు. మొదలుపెట్టిన లెక్క ముగించకుండా లేవకూడదు, సగంలో విడిచిన లెక్క ఇంటికి దరిద్రం. అది వాళ్ల వంశం మాట. ఒకసారి చదువుతుండగా బావమరిది పోయాడని ఫోన్ వచ్చింది. ఫోన్ చెవికి ఆనించుకునే పేజీ ముగించాడు, ఆ తర్వాతే ఏడ్చాడు.

మొదటి చెంబు ఎప్పుడూ నాగేశ్వరిది. ఆమె రాజేశం భార్య. కిడ్నీలు రెండూ చెడిపోయి చాన్నాళ్లయింది. సంగారెడ్డి పోయి డయాలసిస్ మిషన్ మీద పడుకుని వస్తుంది. బోరు నీళ్లు తాగితే కక్కుతుంది, ట్యాంకరు నీళ్లు తాగితే కక్కుతుంది, డబ్బా నీళ్లు కాచి చల్లార్చి ఇచ్చినా అంతే. బుచ్చిలింగం కాలువ నీళ్లు మాత్రం ఒంటబట్టేవి. అవి తాగిన రోజు ముఖంలో వాపు తగ్గి, పాత నాగేశ్వరి కనిపించేది. ఒడ్డున పీట వేసుకుని, చెంబు ఒళ్లో పెట్టుకుని, భర్త చదువుతుంటే వినేది. ఆయన ఎక్కడైనా తడబడితే పుస్తకంలోకి వంగి, "అది జొన్నలు గాదు, సొన్నల లెక్కుంది, మళ్ల సూడుండ్రి" అని నవ్వేది.

పేజీలు ఉన్నన్నాళ్లే నాగేశ్వరి. ఈ సంగతి ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ నోరు విప్పి అనుకోలేదు. రాజేశం పేజీలు లెక్కపెట్టడం మానేసి, మిగిలిన మందాన్ని బొటనవేలితో తడిమి చూసుకునేవాడు.

చివరికి ఎర్రగుడ్డ మూటలో చదవని పుస్తకం ఒక్కటే మిగిలింది. దాన్ని ఆఖరుకు ఉంచమని తండ్రి పోయేముందు మరీ మరీ చెప్పాడు. గొలుసుకట్టు జోలికి పోలేదు గానీ పేజీల మీది పెద్ద అక్షరాలు ఆయన కళ్లారా చూశాడు. "ఒరే రాజేశం, ఇండ్ల ఏ పేజీ తిప్పినా నిండే ఉన్నదిరా. బర్రెలు మునిగే కాలువ. కష్టకాలంల అక్కరకొస్తది, దాసిపెట్టు" అన్నాడు. రాజేశం కూడా తెరిచి చూశాడు. నిజమే, నిండే.

ఆ వార్త కాలనీలో పెండ్లి కబురులా పాకింది. జైతూన్ బీ కొడుకు యాకూబ్ ఆటో నడుపుతాడు. వాడు ఎక్కడి నుంచో మోటరూ పైపూ తెచ్చి ఒడ్డున బిగించాడు. వాడి భార్య ఆలియా పసిబిడ్డ బట్టలన్నీ మూట కట్టి తెచ్చుకుంది. గదుల్లో కిరాయికుండే ఒడియా కుర్రాళ్లు కంపెనీ డ్రమ్ములు కడిగి ఉంచారు. ట్యాంకరు యాదన్న మాత్రం మొహం వేలాడేసి, "నా కడుపు మీద కొడ్తున్నవ్ సేటూ, పోనీ నేను గూడ ఒక ట్యాంకరు నింపుకుంట" అన్నాడు.

ఆ పొద్దున రాజేశం తలస్నానం చేసి కూర్చున్నాడు. పుస్తకం అట్ట మీద ధాత నామ సంవత్సరం అని ఉంది. ధాత అంటే ఆయనకు పంచాంగంలో ఒక పేరు. ఆ పేరుతో ఈ గడ్డ మీద ఒక కరువు నడిచిందనీ, తల్లులు పిల్లలను దారిలో వదిలి నడిచారనీ చెప్పేవాళ్లు ఆ ఒడ్డున ఎవరూ మిగల్లేదు.

"శ్రీరామ" అన్నాడు. కాలనీ అంతా వినాలని గొంతు పెంచి చదివాడు. "కాలువ నిండుకున్నది."

నల్లనీళ్లు తప్పుకున్నాయి. వాటి వెనక ఏమీ రాలేదు. అడుగున బురద కనిపించింది, ఆరింది, చూస్తుండగానే పళ్లెమంత పళ్లెమంత పెచ్చులుగా పగిలింది. యాకూబ్ మోటరు గాలి మింగి గుర్రుమంది. వాడు పరుగున పోయి స్విచ్ ఆపాడు.

ఇంట్లో బియ్యం అయిపోతే అయిపోయాయని ఏ ఇల్లాలూ అనదు, అశుభం, నిండుకున్నాయంటుంది. ఇక కోమటి దుకాణంలో లేదు అనే మాటకు చోటే లేదు. రాజేశం పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి "చింతపండు నిండుకున్నది, రేపు రాండ్రి" అని గిరాకీలను పంపిస్తున్నవాడే. కాలువ నిండితే నిండిందని రాస్తారు గానీ నిండుకున్నదని రాయరు. ఆ తేడా చెప్పడానికి పంతులు అక్కర్లేదు. కానీ ఆ మాట కాలువ మీద కనబడేసరికి తండ్రీ కొడుకులిద్దరూ సొంత భాష మరిచిపోయారు. ఆశపడ్డవాడికి మాటలో సగమే వినబడుతుంది మరి.

మొదలుపెట్టిన లెక్క ఆపకూడదు. రాజేశం వేలు పెట్టి కిందికి దిగాడు.

"జొన్నలు నిండుకున్నవి." దుకాణంలో బస్తాలు కూలబడ్డ చప్పుడైంది. "ఉప్పు నిండుకున్నది. ఆముదం నిండుకున్నది. చింతపండు నిండుకున్నది." అరల మీద డబ్బాలు ఒక్కొక్కటే తేలికై మోగాయి. వరస గదుల్లో కుళాయిలు ఒకసారి దగ్గి ఊరుకున్నాయి.

"సేటూ, జల్దీ చదివెయ్యి. చదివి అవుతల పారెయ్యి గీ పేజీని," అంది జైతూన్ బీ. అందరూ అదే అన్నారు. పేజీ ముగిస్తే ఈ దినం పోతుంది, పాత నల్లనీళ్లయినా వస్తాయి, బోర్లయినా నడుస్తాయి.

రాజేశం తొందరపడ్డాడు. తొందరలో కన్ను నోటికంటే ముందు పరిగెత్తి ఆఖరి వరసను అందుకుంది. అక్కడ, ఆముదానికీ చింతపండుకూ పట్టిన రాతతోనే, వంకర కూడా పోకుండా రాసి ఉంది: 'ఇంట ఇల్లాలు నిండుకున్నది.'

పాపం, ఆ సావుకారికి ఇంకో మాట తెలియదు. బతుకంతా ఏ మాటతో లేమిని కప్పాడో ఆ మాటతోనే పెండ్లాన్నీ కప్పి, పేజీ ముగించి లేచాడు.

రాజేశం నోరు మూశాడు.

"ఏమైంది? చదువుండ్రి," అంది నాగేశ్వరి పీట మీద నుంచి. ఖాళీ చెంబు ఆమె ఒళ్లో ఉంది.

"కండ్లద్దాలు మసకైనయ్."

"ఇటియ్యుండ్రి, తుడిచిస్త."

"వద్దు" అన్నాడు. ఆయన వంశంలో ఎన్నడూ లేనిది, లెక్క సగంలో వదిలి లేచాడు.

ఆ దినం పోలేదు. తెల్లారింది, పొద్దుగూకింది, మళ్లీ తెల్లారింది, కాలువ మాత్రం ధాతలోనే ఉండిపోయింది. యాదన్న ట్యాంకరు హైవే మీద నిండుగా వచ్చేది, కాలువొడ్డుకు మలుపు తిరిగి పైపు వదిలితే ఉత్త గాలి. తాగే నీళ్లు డబ్బాలతో అవతలి వీధి నుంచి మోసుకొచ్చినా గ్లాసులో పోసేసరికి సగమయ్యేవి. రాజేశం కొత్త సరుకు తెచ్చి అరల్లో పెడితే పెట్టినట్టే మాయమయ్యేది. దుకాణం తెరిచి, అగరుబత్తి వెలిగించి, ఖాళీ అరల ముందు పుస్తకం ఒళ్లో పెట్టుకుని కూర్చునేవాడు.

మూడో నాడో నాలుగో నాడో యాకూబ్ వచ్చి గడప మీద కూర్చున్నాడు. చాలాసేపు పగిలిన బురద వైపు చూశాడు.

"సేటూ, నాకొకటి సమజైంది. సగంల ఆపితే గా దినం పోదు, అంతే గదా?"

"అట్లనే ఉంది."

"మరి గిది ముందుగాల ఎర్కుంటే... ఒక్క మంచి పేజీ, ఒక్కటంటే ఒక్కటి, మోకాటి లోతుది, సగంల ఆపితే అయిపోవు గదా. నా బిడ్డ బిడ్డలు గూడ తాగేటోళ్లు."

రాజేశం ఎర్రగుడ్డ మూట వైపు చూశాడు. తండ్రి చదివిన పేజీలు, తాను చదివిన పేజీలు, ఒక్క అక్షరం మిగల్చకుండా, ఎంగిలి పడకుండా, భక్తిగా తుదిదాకా చదివిన పేజీలన్నీ ఆ మూటలో తెల్లగా ఉన్నాయి. దరిద్రం రాకూడదని పాటించిన నియమమే దరిద్రమైంది, ఇక దాన్ని ఎవరి మీద పెట్టి తిట్టుకోవాలి? యాకూబ్ లేచి, తువ్వాల దులుపుకుని వెళ్లిపోయాడు.

ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారు. రాజేశం ముందున్న నూతిలో నీళ్లు కూడా లేవు. కాలనీవాళ్లు వచ్చి బతిమాలారు, తర్వాత తిట్టారు, ఆ తర్వాత గదులు ఖాళీ చేయడం మొదలుపెట్టారు. ఒడియా కుర్రాళ్లు డ్రమ్ములు నెత్తిన పెట్టుకుని ముందు పోయారు. రాజేశం ఎవరికీ కారణం చెప్పలేదు. చెప్పితే ఏమంటారు? ఒక్క ఆడమనిషి కోసం ఇంతమందినా అంటారు. అవును, ఒక్క ఆడమనిషి కోసమే. ఆమెతో ఎన్నడూ ఒక తీపి మాట అన్నవాడు కాదు, ఆమె లేని ఇంట్లో చెంబు ఎక్కడుందో కూడా తెలియనివాడు.

నాగేశ్వరి మాత్రం ఉన్నట్టే ఉంది. పెదవులు ఎండి చీలాయి, కానీ దాహమనలేదు. సంగారెడ్డిలో రిపోర్టులు ఎప్పుడు తీసినా అవే అంకెలు. డాక్టరమ్మ ఆశ్చర్యపడి, "తగ్గలేదు, పెరగలేదు, మంచిదే" అంది. ఆ దినం ఆగినట్టే ఆమె జబ్బూ ఆగిపోయింది. రాజేశం ఆ రిపోర్టులను అగరుబత్తుల పక్కన పెట్టి దండం పెట్టుకున్నాడు.

ఒక మధ్యాహ్నం ఆయన గోడకు ఆనుకుని కునికితే ఆమె పుస్తకంలోకి వంగి చూసింది. ఆయన కళ్లు తెరిచేసరికి ఆమె వేలు ఆ వరస మీదే ఉంది.

"గిందుకా?" అంది.

ఆయన పుస్తకం లాక్కున్నాడు.

"అది మీ తాత పెండ్లాం ముచ్చట. నా ముచ్చట గాదు."

"నీళ్లు గూడ ఆమె కాలంవే గదా. నువ్వు తాగలేదా, నీకు ఒంటబట్టలేదా? గీ మాట గూడ నీకే పడ్తది."

నాగేశ్వరి ఖాళీ గదుల వైపు చేయి చూపింది. "ఊరి ఉసురు పోసుకుంటున్నరు" అంది.

"పోసుకుంట."

"నా కోసమని నేను అడిగిన్నా?"

"నువ్వెప్పుడు ఏమడిగినవ్ గనక?" అన్నాడు రాజేశం. పెండ్లయిన ఇన్నేండ్లలో వాళ్లిద్దరూ పోట్లాడుకున్నది అప్పుడే. ఆమె ఇంకా ఏదో అనబోతే ఆయన పుస్తకం తీసుకుని ఒడ్డుకు నడిచాడు.

గదుల వరసలో అందరికన్నా చివరన పోయింది జైతూన్ బీ. ఆమె బతిమాలలేదు, తిట్టలేదు. ఏదో ఉంది, లేకపోతే సేటు ఇట్ల చేసే మనిషి కాదని కొడుకుతో వాదించింది. కానీ ఆలియాకు పాలు ఎండిపోయాయి, బిడ్డకు స్నానం లేక ఒళ్లంతా పొక్కింది. ఎంత మంచితనమైనా పసిబిడ్డ ముందు ఎన్నాళ్లని నిలబడుతుంది? యాకూబ్ ఆటోలో పరుపులు, గిన్నెలు కట్టాడు. జైతూన్ బీ సగం నిండిన నీళ్ల డబ్బాను కొంగులో చుట్టి, చుక్క ఒలకకుండా తెచ్చి గడప మీద పెట్టింది.

"మాకు తొవ్వల దొర్కుతయ్. నాగేశ్వరమ్మకు ఉంచు సేటూ."

"మీకే లేవు, మాకెందుకక్కా?" అంది నాగేశ్వరి. "ఏ దిక్కు పోతున్నరు?"

"కిష్టారెడ్డిపేట. మా చెల్లె బిడ్డ ఇంట్ల ఒక అర్ర ఉంది. ఎన్ని దినాలు ఉండనిస్తరో, అల్లాకే తెలుసు." ఆమె నాగేశ్వరి బుగ్గలు నిమిరి, తన కణతల దగ్గర మెటికలు విరుచుకుంది. ఆటోలో బిడ్డ ఏడుస్తోంది. జైతూన్ బీ మళ్లీ వెనక్కి చూడకుండా ఎక్కింది.

ఆటో మలుపు తిరిగింది. రాజేశం పుస్తకాన్నీ కండ్లద్దాలనూ గడప మీదే మరిచి, డబ్బా ఎత్తుకుని లోపలికి పోయాడు. నాగేశ్వరికి ఒక్క గుక్కైనా పోద్దామని గ్లాసు వెతికాడు. గ్లాసు ఎక్కడుందో ఆయనకు తెలియదు. గూట్లో చూశాడు, పొయ్యి పక్కన చూశాడు. బోర్లించిన గిన్నెల కింద దొరికిన గ్లాసును ఎత్తుతుండగా వెనక నుంచి గొంతు వినిపించింది. బడిలో పాఠం అప్పజెప్పే పిల్లలా, అక్షరం అక్షరం విడివిడిగా, కాలనీ అంతా వినబడేలా.

"ఇంట ఇల్లాలు నిండుకున్నది."

గ్లాసు ఆయన చేతిలోనే ఉంది. దానితోనే గడప దాకా పరిగెత్తాడు. ముందుగా కంపు వచ్చింది. తర్వాత నల్లనీళ్లు, మీద నురగతో, ఎప్పుడూ ఉన్నట్టే ఒడ్డును రాసుకుంటూ వచ్చాయి. ఖాళీ గదుల్లో ఎవరో కట్టేయడం మరిచిపోయిన కుళాయిలన్నీ ఒక్కసారే విప్పుకున్నాయి. దుకాణంలో ఉప్పు బస్తా బరువెక్కి గోడకు ఒరిగింది.

నాగేశ్వరి పీట మీద, స్తంభానికి తల ఆనించి కూర్చుని ఉంది. పుస్తకం ఒళ్లో తెరిచి ఉంది, ఆయన కండ్లద్దాలు ఆమె ముక్కు మీద జారి ఉన్నాయి. ముఖంలో వాపు ఏమాత్రం లేదు. రాజేశం ఆమెను పేరు పెట్టి పిలిచాడు. భుజం పట్టి కదిపాడు. ఒళ్లు ఇంకా వెచ్చగానే ఉంది. ఒడ్డున నురగ చూశాడు. ఈ నీళ్ల కోసమా, ఈ నీళ్ల కోసమా నువ్వు పోయింది అని గుండె బాదుకుని ఏడ్చాడు. ఏడుపు వినడానికి గదుల వరసలో మనిషి లేడు.

ఏడ్చి ఏడ్చి, ఏం చేయాలో తోచక ఫోన్ తీశాడు. ఆమె ఏ పని కోసం పోయిందో ఆ పనైనా కావాలి గదా.

"జైతూనక్కా. వాపస్ రాండ్రి. నీళ్లొచ్చినయ్."

"యా అల్లా! నిజమా సేటూ? మంచి నీళ్లా?"

"నల్లయే. ఎప్పటియే."

"ఎట్లయితేంది, కుళాయిలు నడుస్తయ్, బిడ్డకు తానం పోస్త. మంచి పని జేసినవ్ సేటూ. నేను యాకూబ్‌కు చెప్తనే ఉన్న, సేటు ఎన్నటికన్న చదువుతడని."

"నేను చదవలే," అన్నాడు రాజేశం.

"మరెవరు చదివిన్రు? నాగేశ్వరమ్మకు ఫోనియ్యి సేటూ," అంది జైతూన్ బీ. రాజేశం ఏడుపు అటు వినబడ్డదేమో, ఆటో చప్పుడు ఆగిపోయింది.